రేవు దాటి వచ్చినవాళ్లు

సంక్రాంతి దగ్గర పడుతోందంటే కోనసీమలో దిండి వైపు కార్లు బారులు తీరతాయి. హైదరాబాదు బండ్లు, విజయవాడ బండ్లు, బెంగళూరు బండ్లు. చించినాడ వంతెన మీద ఆగి, వశిష్ఠ గోదావరిని వెనకపెట్టుకుని ఫొటోలు దిగుతారు. రిసార్టుల్లో గదులు అప్పటికే అయిపోయి ఉంటాయి. కోడిపందేలు చూస్తారు, హౌస్‌బోటు ఎక్కుతారు, పూతరేకుల పెట్టెలు కట్టించుకుంటారు, పండగ వెళ్లిన మర్నాడు వెళ్లిపోతారు. వాళ్లు రావడం నాకు నిజంగా సంతోషం. పుట్టిన ఊరిని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తున్నారంటే ఎవరికి గర్వంగా ఉండదు? నా బాధల్లా ఒకటే. వచ్చినవాళ్లకి మేం తెలియడం లేదు, వాళ్లు మాకు తెలియడం లేదు. వంతెన దిగిన కారు రిసార్టు గేటు దాకా ఎక్కడా ఆగదు. గేటు అవతల మా కొబ్బరిచెట్లే, మా గోదావరే. మనుషులం మాత్రం గేటు ఇవతలే ఉండిపోయాం.

నా చిన్నతనంలో కోనసీమకి మనుషులు ఇలా వచ్చేవారు కారు.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, దక్షిణాన సముద్రం, నడుమ వైనతేయ. ఎటు చూసినా నీరే. పైన జొన్నాడ దగ్గర, సిద్ధాంతం దగ్గర వంతెనలు ఉండేవి గానీ అవి పెద్ద రోడ్డు మీద మద్రాసుకీ కలకత్తాకీ పోయే లారీల కోసం కట్టినవి. కింద ఉన్న రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం వాళ్లకి రేవులే దిక్కు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, యానాం నుంచి ఎదుర్లంక, బోడసకుర్రు నుంచి పాశర్లపూడి, చించినాడ నుంచి దిండి, నరసాపురం నుంచి సఖినేటిపల్లి. పెళ్లికి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా, కాకినాడలో కోర్టు వాయిదా ఉన్నా వీటిలో ఏదో ఒకటి దాటాల్సిందే. రైలు సంగతి చెప్పనక్కర్లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన పట్టాలని రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పీక్కుపోయారు. మళ్లీ వేసేసరికి 2004 అయింది. గౌతమి ఇవతల అమలాపురానికి ఆ రైలు ఇంకా రానేలేదు.

రేవంటే నది ఒడ్డు ఒక్కటే కాదు, అదొక చిన్న ఊరు. తాటాకు పాక, అందులో టీకొట్టు, పక్కన మరమరాలూ జీళ్లూ అమ్మే ముసలమ్మ, శీతాకాలంలో తేగల కట్టలు, ఎండాకాలంలో ముంజెల గెలలు. ఏటా రేవు పాట జరిగేది. పాట పాడుకున్నాయన మనిషి ఒకడు చిన్న బల్ల వేసుకుని కూర్చుని డబ్బులు పుచ్చుకునేవాడు. మనుషులకి నావ. బండ్లకీ గేదెలకీ పంటు. రెండు నావలు జతకట్టి పైన బల్లలు పరిస్తే అదే పంటు. దాని మీద ఎడ్లబండి, దాని పక్కన సైకిళ్లు, ఆ సందుల్లో మేం. గెడలు వేసేవాళ్ల అరుపులు, తడిసిన తాళ్ల వాసన, అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్లు పిలిచే కేకలు. తర్వాత్తర్వాత లాంచీలు వచ్చి పంటుని లాగడం మొదలైంది గానీ నది తీరు మారలేదు. సముద్రానికి దగ్గర కనక పోటు, ఆటు చూసుకునే కదలాలి. గాలి ఎదురైతే ఆగాలి. ఎర్రనీరు ఉరవడిగా వస్తుంటే సరంగు ఎంత గొప్పవాడు బతిమాలినా నావ విప్పేవాడు కాడు.

అలా ఆగిపోయినప్పుడు రేవు పాకలో జరిగే సంభాషణ ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది.

"ఎవరి తాలూకండీ?"

"కొత్తపేట అండీ. మా మేనత్తని మోరి ఇచ్చారండి. ఆవిడకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే వెళ్తన్నానండి."

"మోరిలో ఎవరండీ? సెరువుగట్టు మీద పెంకుటింటి వారాండీ?"

"ఆయ్, వారేనండి."

అంతే. ఇక ఆ మనిషి పరాయివాడు కాడు. పెంకుటింటి వారి వియ్యంకుడు మా ఊరివాడై ఉంటాడు, వాళ్ల కోడలు పాకలో కూర్చున్న ఇంకొకాయనకి పినతల్లి కూతురై ఉంటుంది. నావ వచ్చేలోగా చుట్టరికం తేలిపోయేది. తేలకపోతే కులంతో, ఊరితో పని లేకుండా "అన్నయ్య గారండీ", "బాబాయి గారండీ" అని వరస కలిపేసుకునేవారు. ఏ చుట్టరికమూ లేనివాళ్లూ వచ్చేవారు. కొబ్బరి కొనడానికి అంబాజీపేట వచ్చే వర్తకులు, బొమ్మలాట వాళ్లు, హరికథ చెప్పే దాసుగారు, గాజుల మలారం భుజానేసుకున్నవాళ్లు. వాళ్లనీ అదే ప్రశ్న అడిగేవారు. ఆ ప్రశ్నలో అనుమానం లేదు. పొద్దుపోతే ఈ మనిషి ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అన్న లెక్క ఉంది.

ఎందుకంటే ఆఖరి నావ వెళ్లిపోయాక రేవులో చిక్కుకున్నవాళ్లకి హోటళ్లు లేవు. మా ఇల్లు రేవుకి కూతవేటు దూరంలో ఉండేది. మా నాన్నమ్మ రాత్రి వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఇంట్లోవాళ్లని లెక్కపెట్టి, ఆపైన ఇంకాస్త పోసేది. ఎవరూ రాకపోతే పొద్దున్న చద్దన్నం. వస్తే అరుగు మీద ఆకు వేసి పెట్టేది. పనసపొట్టు కూరో, కందా బచ్చలో, ఏమీ లేకపోతే కొబ్బరి పచ్చడి, మజ్జిగ. తిన్నాయన పేరు కూడా ఒక్కోసారి ఆవిడకి తెలిసేది కాదు. తెల్లారకముందే మొదటి నావకి వెళ్లిపోయేవాడు. కొన్నేళ్ల తర్వాత ఎక్కడో పెళ్లిలో ఎవరో పెద్దమనిషి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్నమ్మగారి చేతి అన్నం తిన్నానండి ఒక రాత్రి" అన్నప్పుడు ఆవిడ లేదు.

ఈ గుణం మా ఒక్క ఇంటిది కాదు. ఈ సీమ మొత్తానికి డొక్కా సీతమ్మగారు పెట్టిన ఒరవడి అది. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో వేళ కాని వేళ ఎవరొచ్చి తలుపు తట్టినా వండి పెట్టింది. ఊరు ఏదన్నది చూడండి. గన్నవరం నది చీలే చోటు. రేవు దాటాల్సినవాళ్లు, దాటలేక ఆగినవాళ్లు, వరదలో ఊళ్లు మునిగినవాళ్లు అక్కడికే చేరతారు. ఆకలి ఎక్కడ దిగుతుందో అక్కడే ఆవిడ పొయ్యి వెలిగించింది. ఆవిడ కథ ఒకటి మా ఇళ్లల్లో పిల్లలందరికీ చెప్పేవారు. ఎన్నాళ్లనుంచో అనుకున్న అంతర్వేది దర్శనానికి బయల్దేరి, దారిలో ఒక పెళ్లివారి గుంపు "ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది" అని ఆకలిగొన్న పిల్లల్ని ఊరడించడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వండిందట. ఆవిడ ఫొటో ఇంగ్లండు రాజు కొలువు దాకా వెళ్లిందని కూడా పెద్దలు చెప్పేవారు. 2000లో గన్నవరం దగ్గర వైనతేయ మీద తెరిచిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఈ సీమలో ఒక కట్టడానికి ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు. ఇవాళ దాని మీంచి వెళ్లే టూరిస్టు బస్సుల్లో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో చెప్తున్నారు?

నదులు దాటడం ఒక ఎత్తు, కాలువల మీద ప్రయాణం ఇంకో ఎత్తు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలు చేలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా తవ్వినవి. అందుకే వాటికి లాకులు. మా ఊరి నుంచి మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి గూటిపడవలో వెళ్లేవాళ్లం. కాలువ దారిన కొంత, గోదావరి మీద కొంత. పైన వెదురు తడికల గూడు, లోపల వరిగడ్డి పరిచి దాని మీద దుప్పట్లు. ఒక మూల పొయ్యి, వంటసామాను. గాలి అనువుగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు మనుషులు గట్టెక్కి, తాడు భుజానికి తగిలించుకుని, ఒంగి లాగుతూ నడిచేవారు. పెద్దవాళ్లు పడవలో మాట్లాడుకుంటుంటే వాళ్లు మాత్రం ఆ బరువుతో ముళ్లలో, బురదలో నడుస్తూనే ఉండేవారు. ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. ఆ ప్రయాణంలో మాకు దొరికిన హాయి వాళ్ల భుజాల మీద నడిచింది.

లాకు దగ్గరికి వస్తే పడవ ఆగేది. తలుపులు మూసి నీటిమట్టం సమానమయ్యేదాకా వరసగా నాలుగైదు పడవలు. ధాన్యం బస్తాల పడవ, కొబ్బరికాయల పడవ, వరిగడ్డి మేటు వేసుకుని నిండుగర్భిణిలా కదిలే పడవ. పిల్లలం గట్టు మీదికి దూకి లాకు తలుపుల సందుల్లోంచి చిమ్మే నీళ్ల కింద తడిసేవాళ్లం. ఆడవాళ్లు ఈ పడవ నుంచి ఆ పడవకి ఊరగాయ, పులిహోర మార్చుకునేవారు. ఒక పడవలో సన్నాయి ఉండేది, పెళ్లివారిది. పెళ్లికూతురు గూటి అంచున తల వంచుకుని కూర్చునేది. ఎవరి పెళ్లో తెలియకపోయినా మా అమ్మ వంగి ఆ పిల్ల చేతిలో రెండు పండ్లు పెట్టేది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఇదంతా ఆగిపోయేది. మళ్లీ నీళ్లు వదిలిన రోజు ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చి చూసేది.

అంతర్వేదిలో భీష్మ ఏకాదశి నాడు రథం. ముందు రాత్రి, దశమి నాడు, నరసింహస్వామి కల్యాణం. సత్రాల్లో చోటు చాలక సగంమంది పడవల్లోనే పడుకునేవారు. తెల్లారి వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర స్నానం. ఒక పక్క మంచినీరు, ఒక పక్క ఉప్పునీరు. అగ్నికుల క్షత్రియుడైన కొపనాతి కృష్ణమ్మగారు 19వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించిందే ఆ నరసింహస్వామి గుడి. చేపలు పట్టే కులంలో పుట్టిన ఓడల యజమాని ఆయన. ఆ తీరం మీద మొదటి హక్కు సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లదని ఆ గుడి చెప్తుంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయిందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మరుసటి ఏడాదికి కొత్తది చేశారు.

వంతెనలు వద్దని నేను ఎన్నడూ అనను, అననివ్వను. రాత్రిపూట నొప్పులు మొదలైన ఆడపిల్లని మంచం మీద రేవుకి తెచ్చి, అవతలి ఒడ్డున నావ ఉండిపోతే, కేకలు వేసి వేసి గొంతులు పోయిన మగవాళ్లని చూశాను. ఆ పిల్లల్లో అందరూ దక్కలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా సీమని ఊడ్చేసినప్పుడు వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. ఉన్న నాలుగు రోడ్లు వాటి కింద మూసుకుపోయాయి. ఆ తర్వాత అయిదారేళ్లలో వంతెనలు లేచాయి. దిండిలో ఒకటి, ఎదుర్లంక–యానాం మధ్య లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగిగారి పేరుతో ఒకటి. మొదటిసారి బస్సులో గౌతమి దాటినప్పుడు మా నాన్నగారు కిటికీలోంచి కిందకి చూస్తూ, "ఇది ముందే ఉంటే" అని ఆగిపోయారు. ఆయన ఎవరిని తలుచుకున్నారో నాకు తెలుసు.

అయినా వంతెన వచ్చిందని రేవు చచ్చిపోవాలని ఎక్కడుంది? లారీలు వచ్చాయని కాలువ చచ్చిపోవాలని ఎక్కడుంది? మేం రెంటినీ వదిలేశాం. గూటిపడవలు గట్టు మీద బోర్లా పడి చివికిపోయాయి. కొన్ని పొయ్యిల్లోకి వెళ్లాయి. సరంగుల పిల్లలు కువైట్, మస్కట్ వెళ్లారు. లాకుల దగ్గర తుమ్మలు మొలిచాయి. కాలువ నిండా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, చికెన్ కొట్ల వ్యర్థాలు. ఒకప్పుడు దోసిలితో తాగిన నీళ్లవి.

తర్వాత పర్యాటకం వచ్చింది. వచ్చీరాగానే మమ్మల్ని 'ఆంధ్రా కేరళ' అన్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ ముల్లులాగే గుచ్చుకుంటుంది. కేరళ వాళ్లు ఏం చేశారో చూడండి. బియ్యం మోసిన తమ పాత పడవ కెట్టువళ్లాన్ని పారేయకుండా, దాని మీదే గదులు కట్టి హౌస్‌బోటు చేసుకున్నారు. ప్రపంచమంతా వెళ్లి ఎక్కుతోంది. మేం బియ్యం మోసిన మా గూటిపడవని కుళ్లిపోనిచ్చి, వాళ్ల హౌస్‌బోటు తీరుని తెచ్చి దిండిలో పెట్టుకున్నాం. వాళ్లని చూసి నేర్చుకోవలసింది పడవ ఆకారం కాదు, తమ పడవని తాము దక్కించుకున్న తెలివి.

పడవతో పాటు పోయిన ఇంకొకటి నది ముందు పాటించే అదుపు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో తెలుగువాళ్లు ఎవరూ మరిచిపోరు. ఆ వార్త వింటున్నంతసేపూ నాకు మా రేవులో సరంగులే కళ్లముందు మెదిలారు. వరదొస్తే వాళ్లు నావ తాడు ముడి మీద ఇంకో ముడి వేసేవారు. డబ్బు, పలుకుబడి, తొందర ఏవీ ఆ ముడిని విప్పలేకపోయేవి. టూరిస్టుని నీటి మీదికి తీసుకెళ్లే ప్రతి పడవలో ఆ మొండితనం ఉండాలి. లైసెన్సు కాగితంతో పాటు, నదిని చూసి 'ఇవాళ వద్దు' అనగలిగే మనిషి చుక్కాని దగ్గర ఉండాలి.

సముద్రం వైపు చూస్తే ఓడలరేవు, ఎస్.యానాం, అంతర్వేది తీరాలకి ఆదివారం వస్తే చాలు జనం. పిల్లల్ని తీసుకుని వస్తారు, ఆడుకుంటారు, ఎంత బాగుంటుందో. వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున్న అలివి వల లాగడానికి వచ్చినవాళ్ల అరికాళ్లలో గాజుపెంకులు దిగుతాయి. బరువైన వలని ఇసకలో మడమలు దిగేసి లాగాలి. చెప్పులతో కుదిరే పని కాదు. సీసా పగలగొట్టినవాడికి ఆ కాలు కనబడదు. అతను హైదరాబాదు చేరిపోయి ఉంటాడు. రేవు రోజుల్లో అయితే అతను ఎవరి తాలూకో ఊరికి తెలిసి ఉండేది. తెలిస్తే ఆ పని చేసేవాడు కాడు.

ఒక్క చోట మాత్రం పాత పద్ధతి బతికే ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ పెరేడులో మన రాష్ట్ర శకటం అదే. గంగలకుర్రు ప్రభల్ని నీళ్లు మెడల దాకా వచ్చినా కౌశిక కాలువ దాటించి తీసుకొస్తారు. పచ్చని చేలల్లోంచి మోసుకుపోతారు. తన చేను తొక్కుకుంటూ దేవుడు వెళ్లాడని రైతు దండం పెడతాడు. ఇప్పుడు అక్కడికి కెమెరాలతో, డ్రోన్లతో చాలామంది వస్తున్నారు. వాళ్లకీ భుజం కలిపే చోటు దొరుకుతుంది. ప్రసాదం దొరుకుతుంది, ఎవరో ఒకరు ఇంటికి పిలిచి అన్నం పెడతారు. అక్కడికి వచ్చిన కొత్తవాడు సాయంత్రానికి చుట్టమై వెళ్లడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. రిసార్టులో మూడు రోజులున్నా ఆ పని జరగదు.

కనక ప్రభుత్వానికి నేను అడిగేది పెద్దదేం కాదు. మరో రిసార్టుకి స్థలం వెతికే ముందు ఒక కాలువని శుభ్రం చేయించండి. రెండు లాకుల మధ్యనైనా సరే, గూటిపడవలు మళ్లీ తిప్పండి. ఆ పడవలు చేయడం తెలిసిన వడ్రంగులు, నడపడం తెలిసిన ముసలివాళ్లు కొద్దిమందైనా ఉండగానే ఆ పని జరగాలి. ఆ పడవ మీద వచ్చే డబ్బు ఆ కాలువ గట్టు మీది ఇళ్లకి చేరాలి. అరుగులున్న పాత పెంకుటిళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. వాటిల్లో ఒక గది అతిథికి ఇవ్వడం మాకు కొత్త కాదు, డబ్బు పుచ్చుకోవడమే కొత్త. అదీ అలవాటు చేసుకుంటాం.

మీకు చెప్పేది కూడా ఒకటుంది. సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య ఇంకా పంటు తిరుగుతోంది, కోటిపల్లికీ ముక్తేశ్వరానికీ మధ్య కూడా. రేపో మాపో అక్కడా వంతెనలు వస్తాయి, రావాలి కూడా. అవి రాకముందే ఒక్కసారి రండి. వరదల కాలం వద్దు. కార్తికం నుంచి మాఘం లోపల రండి. నరసాపురం దాకా రైలుంది, అక్కడి నుంచి రేవు దగ్గరే. కారు ఉంటే అదీ పంటు ఎక్కుతుంది. ఎక్కాక అద్దాలు దించి, కిందకి దిగి, మా వాళ్ల పక్కన నిలబడండి. ఎవరి తాలూకని అడుగుతారు. చెప్పండి.